నిమ్మకాయల కోసం పెడల్

మా కామందుగారు కలకత్తాలో కొన్న స్పోర్ట్స్ కారుకు నేను డ్రైవర్ని. పొడుగువాణ్ణి. సీటు జరగదు, తోలినంతసేపూ మోకాలు స్టీరింగుకు కొట్టుకునేది. అందుకే మొన్న విజయనగరం మేస్త్రీ చేత యాక్సిలరేటర్ పెడల్ కాస్త లోపలికి జరిపించాను. ప్రాణం హాయిగా ఉంది.

ఈ రోజు దసరా. ఏడాదికి ఒక్కసారి, పూజయ్యాక నిమ్మకాయలు తొక్కించడానికే ఆయన స్టీరింగు పట్టుకుంటారు. కూర్చున్నారు. కాలు అందలేదు.

"ఏట్రా ఇది?" అన్నారు.

"మోకాలు నొప్పెడతన్నాది బాబూ, అందుకే జరిపించినాను."

"నొప్పెడితే కాలు ముడుసుకుని తోలు. రేపే ఎప్పట్లా పెట్టించీ."

చివరికి నిమ్మకాయలు నేనే తొక్కించాను. ఆయన పక్కన కూర్చుని మెళ్ళో దండ సర్దుకున్నారు. ఏడాది పొడుగునా తోలే కాలు నాది, పెడల్ మాత్రం ఆ నాలుగు నిమ్మకాయల కోసం ఉండాలట. మీరైతే ఏమనేవారు? నేను "సిత్తం" అన్నాను.