ఆఖరి రోజు దాకా దాచిన సాక్షి

కరోనా తగ్గి కోర్టులు మళ్ళీ మామూలుగా నడవటం మొదలైన ఏడాది, పటమటలో నా ఆఫీసుకు మరియమ్మ వచ్చింది. బందరు రేవు నుంచి వచ్చే చేపలు విజయవాడలో అమ్ముకునే మనిషి. ఒక తెల్లవారుజామున ఇక్కడి చేపల మార్కెట్లో గొడవ జరిగి, ఒకతనికి కత్తిపోట్లు పడ్డాయి. ముద్దాయిల్లో ఆవిడ ఒక్కగానొక్క కొడుకు దానియేలు పేరు కూడా రాశారు. వాడు జైలుకు పోకుండా చూడమని నా చేతులు పట్టుకుంది.

టీవీలో వచ్చే కోర్టు సీరియల్ మరియమ్మ ఒక్కరోజు కూడా వదిలేది కాదు. నేనూ చూడబోయాను. మూడు కేసులు కలిపి నడుపుతారు, మధ్యలో పాత కథ, ఎవరు ఎవరికి ఏమవుతారో లాయరునైన నాకే బుర్ర తిరిగిపోయింది. ఆవిడకు మాత్రం అన్నీ కంఠతా.

"ఆ జడ్జిగారే ముద్దాయికి మేనత్తండీ. ఆ సంగతి ఇంకా పైకి రాలా. రావాల్సినప్పుడొస్తది" అని నాకే పాఠం చెప్పేది.

దానియేలును మాత్రం ఎన్నిసార్లు అడిగినా ఒకటే జవాబు.

"గొడవప్పుడు ఎక్కడున్నావురా?"

తల్లి వైపు చూసేవాడు. "గుర్తులేదండీ."

చేసేదిలేక, మా తరఫున సాక్షులెవరూ లేరని కోర్టుకు చెప్పేశాను. ఆర్గ్యుమెంట్స్, అంటే ఇరుపక్షాల చివరి వాదనలు మొదలయ్యే రోజు మరియమ్మ ఒక లారీ డ్రైవర్ని వెంటబెట్టుకుని వచ్చింది. చర్చికి కట్టుకెళ్ళే తెల్లచీర కట్టింది. ముఖం వెలిగిపోతోంది.

"ఈయన గంగరాజండీ. ఆ పొద్దున మావోడు బందరు రేవులో ఈయన లారీకే చేపలెత్తాడు. ఇప్పుడు పిలిపించండి లాయరమ్మగారూ!"

మరియమ్మను పక్కకు తీసుకెళ్ళాను. "ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"ముందే చెబితే అవతలోళ్ళు కొనేయరాండీ? సీరియల్లో సాక్ష్యం చెప్పాల్సిన ఆ వాచ్‌మన్ని అట్టాగే గదా మాయం చేసింది! మీక్కూడా చెప్పొద్దని మావోడి చేత బైబిల్ మీద ప్రమాణం చేయించా."

కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ముద్దాయి ఆ సమయంలో వేరేచోట ఉన్నాడని వాదించటాన్ని మేము అలిబీ అంటాం. అది మొదటి నుంచీ చెబుతూ రావాలి. అయినా సాక్షిని అనుమతించమని పిటిషన్ వేశాను. జడ్జిగారు ఒప్పుకున్నారు. గంగరాజు తడుముకోకుండా నిజం చెప్పాడు. ప్రభుత్వం తరఫు లాయరు అడిగింది ఒకటే ప్రశ్న.

"ఇన్నాళ్ళూ నోరెందుకు విప్పలేదు?"

"మరియమ్మక్క చెప్పొద్దందండీ."

హాల్లో ఎవరో నవ్వారు. గంగరాజు చెప్పింది చివర్లో అల్లిన కథ అని తీర్పులో రాశారు. దానియేలుకు శిక్ష పడింది. పోలీసులు తీసుకెళ్తుంటే వాడు తల్లిని పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఎక్కువ బాధనిపించింది.

ఇప్పుడు ఎవరు వచ్చినా మొదటి రోజే కూర్చోబెట్టి చెబుతున్నాను: ఆలస్యంగా వచ్చిన నిజాన్ని కోర్టు అబద్ధం కిందే లెక్కేస్తుంది, నా దగ్గర ఏదీ దాచొద్దు అని. దానియేలు అప్పీలు పై కోర్టులో ఉంది. అక్కడ మామూలుగా సాక్షులను పిలవరు, కింది కోర్టు కాగితాలే చదువుతారు. ఈ మాట మరియమ్మకు చాలాసార్లు చెప్పాను. తల ఊపి వింటుంది, గుమ్మం దాకా వెళ్ళి ఆగుతుంది.

"ఈసారి గంగరాజుని మొదటి రోజే తీసుకొస్తానండీ" అంటుంది.