తల అడ్డంగా ఊపిన రోజు

పంతొమ్మిది వందల ముప్పైల మొదట్లో నేను కొల్లేటి ఒడ్డున మిషన్ బడిలో పంతులమ్మని. ఆ ఏడు వరదల్లో ఎవరో గట్టు తెగ్గొడితే ఊళ్ళో పెద్ద రైతు చేను మునిగింది. పక్క పొలం మాది కనక, మా నీళ్ళు అటు వదిలామని పోలీసులు మా ఆయన్ని పట్టుకుపోయారు. గట్టు తెగినప్పుడు ఆయన ఇంట్లోనే, జ్వరంతో ఉన్న మా పిల్లని ఒళ్ళో వేసుకు కూర్చున్నాడు. ఆ మాటే ఠాణాకి వెళ్ళి చెబితే, "పెళ్ళాం సాక్ష్యం ఏం సాక్ష్యమమ్మా" అని నవ్వారు.

నాలుగో రోజున ఏలూరు కోర్టుకి తెచ్చారు. ఆయన మడమలు ఆనించకుండా మునివేళ్ళ మీద నడుస్తున్నాడు. ఎక్కడ కొట్టారో నాకు తెలిసిపోయింది.

వరండాలో హెడ్డు కానిస్టేబు నా దగ్గరికొచ్చాడు.

"పంతులమ్మగారూ, గట్టు నేనే కొట్టానని మీవారు ఒప్పేసుకుంటే మేజిస్ట్రేటు దొరగారు మందలించి వదిలేస్తారండి. మావాళ్ళు కొట్టారనీ గిట్టారనీ అన్నారనుకోండి, మళ్ళీ మా దగ్గరికే రావాలి కదండీ. ఆలోచించుకోండి."

అంత మర్యాదగా మాట్లాడే మనిషిని చూసి నేనెప్పుడూ అంతగా వణకలేదు.

మేజిస్ట్రేటు మంచివాడే, ఇప్పటికీ ఆ మాట అంటాను. ఒప్పుకోలు రాసుకునే ముందు పోలీసులందరినీ బయటికి పంపి తలుపులు వేయించాడు. గోడవార నిలబడ్డ నన్ను చూసి ఎవరని అడిగాడు.

"ముద్దాయి భార్యండి," అన్నాడు గుమాస్తా.

"ఉండనీ, అతనికి ధైర్యంగా ఉంటుంది."

తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "ఏమయ్యా, ఇక్కడ పోలీసులెవరూ లేరు. ఒప్పుకోవాలని బలవంతమూ లేదు. నిన్నెవరైనా కొట్టారా? కొడితే చెప్పు, మళ్ళీ వాళ్ళ చేతికివ్వను."

ఆ మాట నేనూ విన్నాను. కానీ తలుపు కింద సందులో వాళ్ళ కాళ్ళ నీడలు కదులుతున్నాయి. నా కళ్ళు అక్కడే ఉండిపోయాయి.

మా ఆయన నోరు తెరిచి, ఎందుకో నా వైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను.

"లేదండి," అన్నాడు.

మేజిస్ట్రేటు మళ్ళీ అడిగాడు. నేను మళ్ళీ ఊపాను. "లేదండి. గట్టు నేనే కొట్టానండి." మేజిస్ట్రేటు రాసుకున్నాడు.

తర్వాతి వాయిదాకి నాలుగు నెలల శిక్ష వేశారు. సొంత నోటితో ఒప్పుకున్నవాణ్ణి ఎలా వదులుతామన్నారు. మందలించి వదిలేస్తారన్న హెడ్డు ఆ రోజు కోర్టు దరిదాపుల్లో లేడు. నేను ఇంటికెళ్ళి, తెల్లారి బడికెళ్ళి, అబద్ధమాడకూడదని పిల్లలకి పాఠం చెప్పాను. నామీద నాకే అసహ్యం వేసింది.

రాజమండ్రి జైలు నుంచి వచ్చాక ఆయన నన్ను ఒక్క మాటా అడగలేదు. నేనే ఉండబట్టలేక, అన్నం వడ్డిస్తూ, "ఆ రోజు నిజం చెప్పేయకపోయారా?" అన్నాను.

ఆయన నవ్వాడు. "అంతమంది పోలీసుల్ని బయటికి పంపాడు గదే ఆయన. నిన్ను కూడా పంపేసుంటే చెప్పేద్దును."