ముందు పసుపు

ఆ ప్రెస్సులో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. యజమాని దగ్గర్నుంచి కాగితం కోసే పెద్దాయన దాకా అందరికీ ఆయన గులాబీ బాబాయే. రంగుల ఆఫ్‌సెట్ మెషిన్ మీద ఆయన చెయ్యి పడితే ఎంత వాడిపోయిన మొహమైనా గులాబీ రంగు తిరిగి కళకళలాడాల్సిందే. క్యాలెండర్ల మీద పిల్లలు, పెళ్ళి ఫోటోల పుస్తకాల్లో జంటలు, సబ్బు పెట్టెల మీద నవ్వే అమ్మాయిలు అందరూ ఆయన చేతుల మీదుగా లోకంలోకి వెళ్ళినవాళ్ళే. "మా వాడు ఇంత ఎర్రగా బుర్రగా ఎప్పుడున్నాడండీ!" అని ఎవరైనా నోరెళ్ళబెడితే ఆయనకి ఏనుగెక్కినంత సంబరం.

సంబరపడే హక్కు ఆయనకి ఉంది, నేను కాదనను. కొత్త ఇంకు డబ్బా తెరిస్తే ముందు వేలితో కాస్త తీసి కాగితం మీద తట్టి తట్టి చూసేవాడు. వేలిని ఎంత గట్టిగా పట్టి వదులుతోందో చూసి, దాని జిగట ఏపాటిదో చెప్పేవాడు. రోలర్ల చప్పుడు విని ఇంకు ఎక్కువైందో తక్కువైందో అవతలి గదిలోంచే కేకేసేవాడు. చొక్కా గుడ్డ కొనడానికి వెళ్తే దుకాణంవాడికి చుక్కలు కనిపించేవి. ట్యూబ్‌లైటు వెలుగు నమ్మనని, తానులు తానులుగా వీధిలోకి, ఎండలోకి మోయించేవాడు మరి. ఈయనతో బట్టలకి వెళ్ళడం కంటే గోనెసంచి చుట్టుకోవడం నయమని వాళ్ళావిడ అందరితోనూ చెప్పేది.

ఆయన నడిపేది రెండు రంగుల మెషిన్. నాలుగు రంగుల బొమ్మ రావాలంటే కాగితం దాని గుండా రెండుసార్లు వెళ్ళాలి. మొదటిసారి నలుపు, నీలం. అవి ఆరాక రెండోసారి మెజెంటా అనే గులాబీ ఎరుపు, దాని వెనకే పసుపు. గురువు దగ్గర నేర్చుకున్న ఈ వరసని ఆయన ఏనాడూ తప్పలేదు. గులాబీ రంగుకి కారణం కూడా ఈ వరసలోనే ఉంది. మెజెంటా ఇంకా తడిగా ఉండగానే దాని మీద పసుపు పడుతుంది. తడి గోడ మీద రంగు సరిగా పట్టదు కదా, ఇదీ అంతే. పసుపు కొంత పట్టి కొంత పట్టక, ఎరుపుదే పైచెయ్యి అవుతుంది. ఇంకొకరైతే పసుపు ఇంకు జిగట తగ్గించి, అది కూడా సరిగా పట్టేలా చూసేవారు. ఈయన కావాలనే చూసేవాడు కాదు.

ఆయన్ని 'ఒరేయ్' అనగలిగిన మనిషి లోకంలో ఒక్కతే ఉంది. సొంత అక్క. ప్రసవాల ఆసుపత్రిలో పెద్ద నర్సు. ఇంటింటికీ తిరిగి పసిపిల్లల్ని చూసే కొత్త నర్సుల కోసం ఆవిడ పట్టుబట్టి ఒక కార్డు తయారు చేయించింది. పసివాడి ఛాతీ మీద వేలితో నొక్కి తీస్తే ఒక్క క్షణం చర్మం అసలు రంగు బయటపడుతుంది. ఆ రంగుని పోల్చుకోవడానికి కార్డు మీద వరసగా పిల్లల బొమ్మలు ఉంటాయి. మొదటివాడు ఆరోగ్యవంతుడు. అక్కణ్ణుంచి కొద్దికొద్దిగా కామెర్లు పెరుగుతాయి. చివరివాణ్ణి వెంటనే ఆసుపత్రికి మోసుకుపోవాలి.

నమూనా కాగితం చూసి అక్క సరేనంది. తమ్ముడు మెషిన్ ఎక్కించాడు. కార్డులన్నీ అచ్చయి, కట్టలు కట్టి, గోడవార పేర్చాక ఆవిడ తీసుకెళ్ళడానికి వచ్చింది. ఒక కట్ట విప్పి, పై కార్డు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చాలాసేపు చూసింది.

"అందంగా ఉన్నార్రా," అంది.

ఆ గొంతు విని ఆయనకి అనుమానం రావాల్సింది. రాలేదు.

"ఉండరా మరి! ఆ చివరి బుజ్జిగాణ్ణి చూడక్కా, ఎర్రగా బుర్రగా ఎలా ఉన్నాడో!"

"వాడికి కామెర్లురా."

బాబాయి నవ్వు మొహం మీద సగంలోనే ఆగిపోయింది.

"మొదటివాడికీ చివరివాడికీ తేడా ఏది?" అంది అక్క. "అందరూ క్యాలెండర్ పిల్లల్లాగే ఉన్నారు. మా నర్సు పిల్లలు దీన్ని చూసి ఏం తేల్చుకుంటారు? పక్కన పడేస్తారు. పసుపెక్కిన బిడ్డని చూసి ఇంట్లోవాళ్ళు బంగారంలా మెరుస్తున్నాడని మురిసిపోతారు. వీళ్ళూ అవునని వచ్చేస్తారు. కామెర్లు ముదిరితే మెదడు దెబ్బతింటుందిరా. తర్వాత ఎవరేం చేసినా ఆ బిడ్డ మళ్ళీ మామూలు మనిషి కాడు."

"నీ కళ్ళజోడు మార్చుకో అక్కా," అన్నాడు ఆయన మొండిగా. "నువ్వు సరేనన్న బొమ్మే ఇది."

ఆవిడ సంచిలోంచి నమూనా కాగితం తీసి కార్డు పక్కన పెట్టింది. ఆయన వంగి చూశాడు. నమూనాలో చివరివాడు నిజంగానే పండిన ఆకులా ఉన్నాడు. కార్డులో మాత్రం స్నానం చేయించి పౌడరు రాసినట్టున్నాడు. నమూనా తీసేది చిన్న మెషిన్ మీద, ఒక్కో రంగూ ఆరాక ఇంకో రంగు వేసి. అక్కడ పసుపు పట్టాల్సినంతా పట్టింది. తన దగ్గరికి వచ్చేసరికి తడి ఎరుపు మీద పడి వెలవెలబోయింది.

తప్పు ఒప్పుకోవడం చిన్నతనం అనిపించి, ముందు దగ్గరి దారి వెతికాడు. పసుపు ఇంకు ఎక్కువ వదిలి చూశాడు. పిల్లలు చుట్టుకున్న తెల్లటి దుప్పట్లు పసుపెక్కాయి, ఆరోగ్యంగా ఉన్న మొదటివాడికి కూడా కామెర్లు వచ్చాయి. చివరివాడి బుగ్గలు మాత్రం ఎర్రగానే ఉన్నాయి. ఆ కాగితాన్ని ఉండచుట్టి విసిరేసి యజమాని గదిలోకి వెళ్ళాడు.

"మొత్తం మళ్ళీ వెయ్యాలి బాబూ. వరస మార్చాలి. ముందు పసుపు."

యజమాని తల పట్టుకున్నాడు. "బాబాయ్, ఆసుపత్రి పెద్ద డాక్టరు గారే ఒక కార్డు చూసి పిల్లలు భలే ఉన్నారన్నారు కదా! అంత కాగితం చెత్తలో పోస్తామా?"

"భలే ఉన్నారు బాబూ. అదే తప్పు. తప్పు నాది, కాగితానిది కాదు."

గులాబీ బాబాయి నోట 'తప్పు నాది' అన్న మాట ఆ ప్రెస్సు గోడలు అదే మొదటిసారి వినడం. యజమాని కొత్త కాగితం తీయించాడు.

పసుపు ముందు వెయ్యడం అనుకున్నంత తేలిక కాదు. నలుపు ఎంత మురికినైనా కడుపులో దాచుకుంటుంది కానీ పసుపు రవ్వంతైనా దాచుకోదు. అందుకని ఆయన రోలర్లని ఎవరి చేతికీ ఇవ్వకుండా తనే కడిగాడు. తుడిచిన గుడ్డ ఉతికినట్టు తెల్లగా వచ్చేదాకా కడుగుతూనే ఉన్నాడు. తెల్ల కాగితం మీద పసుపు సరిగా కనబడి చావదు కాబట్టి, నీలం అద్దం ముక్క కంటికి అడ్డం పెట్టుకుని చూసుకున్నాడు. అందులోంచి చూస్తే పసుపు నల్లగా కనిపిస్తుంది. పసుపు వెనక నలుపు వేసి ఆరబెట్టాడు. మర్నాడు మెజెంటా, దాని వెనక నీలం ఎక్కించాడు. గురువుగారు చూస్తే చెవి మెలిపెట్టేవారని గొణుక్కుంటూనే ఎక్కించాడు.

మొదటి కాగితం బయటికొచ్చింది. చివరివాడు జబ్బుగా ఉన్నాడు. నిజంగా జబ్బుగా, చూడగానే ఎత్తుకుని పరిగెత్తాలనిపించేటట్టు ఉన్నాడు. బాబాయి చెయ్యి అలవాటుకొద్దీ మెజెంటా ఇంకు పెంచే మర వైపు వెళ్ళింది. కాస్త తిప్పితే చాలు, వాడి బుగ్గలకి కళ వస్తుంది. ఆయన చెయ్యి వెనక్కి లాక్కుని, రెండు చేతులూ వీపు వెనక కట్టుకుని, కార్డులన్నీ అయ్యేదాకా అలాగే నిలబడ్డాడు. ఆయన వేసిన అందమైన బొమ్మలన్నీ ఒక ఎత్తు, ఆ నిలబడడం ఒక ఎత్తు. నాకైతే ఆయన గొప్పతనం అక్కడే కనిపిస్తుంది.

అక్క వచ్చి చూసింది. "వీడు అస్సలు బాగాలేడురా," అని తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ తర్వాత క్యాలెండర్లు మామూలుగానే వచ్చాయి, పిల్లలు మామూలుగానే గులాబీ రంగు తిరిగారు. వానలు వెలిసిన రోజుల్లో అక్క మళ్ళీ ప్రెస్సుకి వచ్చి, నలిగి అంచులు చిరిగిన ఒక కార్డు ఆయన చేతిలో పెట్టింది. చివరి బొమ్మ దాదాపు కనిపించడం లేదు. ఆయనకి చిర్రెత్తింది.

"నా ఇంకు చెరిగిపోదే! ఎవరు పాడుచేశారు?"

"చెరిగిపోలేదురా, వేళ్ళ మురికి. జబ్బని నమ్మనివాళ్ళకి మా నర్సులు దాని మీద వేలు పెట్టి చూపించడం, వాళ్ళూ వేలు పెట్టి చూడడం. పై బొమ్మల్ని ఎవరూ ముట్టుకోరు." ఆవిడ కొత్త కార్డులు ఎన్ని కావాలో చెప్పింది. "ఈ కార్డుతో చూసి ఒక పాపని వేళకి తీసుకొచ్చారు. ఇప్పుడు బోర్లా పడుతోంది. వాళ్ళమ్మ ఈ కార్డే కావాలని అడిగింది, గోడకి తగిలించుకుంటుందిట. ఇది పనిలో ఉండే కార్డు, ఇవ్వడం కుదరదన్నాను."

బాబాయి ఆ మురికి పట్టిన చివరివాణ్ణి చాలాసేపు చూశాడు. తన బొమ్మలు ఎన్ని గోడల మీద ఉన్నాయో లెక్కలేదు. అందంగా లేనిదాన్ని గోడకి అడిగినవాళ్ళు మాత్రం ఇదే మొదలు. కార్డుని చొక్కా అంచుతో తుడవబోయి, మానేసి, అలాగే అక్కకి తిరిగి ఇచ్చాడు.

"ఇచ్చెయ్యక్కా ఆవిడకి. నీకు నేను కొత్తవి వేసిస్తాను," అన్నాడు. అని, గుడ్డ తీసుకుని రోలర్లు కడగడానికి వెళ్ళాడు.