దేవుడు లేని బొమ్మల పుస్తకం

అరవైల మొదట్లో వరంగల్‌లో బొమ్మల పుస్తకం కొనడం తేలికే. మా అత్తమ్మ చేతిలో పడకుండా దాన్ని బిడ్డకు చూపించడమే కష్టం. మాది బట్టల దుకాణం వాళ్ల ఇల్లు. పండుగనాడు పద్దుల పుస్తకానికి పసుపు కుంకుమ పెట్టడం తప్ప పుస్తకంతో ఎవరికీ పని ఉండేది కాదు. నా బిడ్డకు రెండేళ్లు నిండాయి. దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పుతూ బొమ్మలు చూపించాలని నాకు మహా ఆశగా ఉండేది.

మొదట తెచ్చింది చిన్నికృష్ణుడి బొమ్మలది. బిడ్డ దాని మీద బోర్లా పడుకుని వెన్నకుండను వేలితో గీరుతుంటే అత్తమ్మ చూసింది.

"అయ్యో, దేవుని మీద పండుకుంటదా? నీకన్న తెల్వదా పిల్లా?"

పుస్తకం లాక్కుని, కళ్లకద్దుకుని, కృష్ణుడి నుదుట బొట్టు పెట్టి దేవుడి గదిలో పెట్టేసింది. ఇక స్నానం చేయకుండా ఎవరూ ముట్టకూడదు. నేను బయట చేరితే అటువైపు చూడనే కూడదు. మా ఆయనతో చెప్పుకుంటే, "గంత దానికి లొల్లెందుకు? ఇంకోటి తెచ్చుకోరాదు" అన్నారు. దుకాణానికి ఆలస్యమవుతోందట.

ఇంకోటి తెచ్చాను. జంతువుల బొమ్మలైతే పేచీ ఉండదనుకున్నాను, నా తెలివి తెల్లారినట్టే ఉంది. ఆవు లక్ష్మి అంది అత్తమ్మ. ఏనుగూ ఎలుకా వినాయకుడివి. నెమలి సుబ్రహ్మణ్యస్వామిది. పాము సంగతి చెప్పనే అక్కర్లేదు. ఒక్క గాడిదకు మాత్రం బొట్టు పెట్టలేదు గానీ, మిగతావాటితో పాటు అదీ లోపలికే పోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా ఇంట్లో ఆ పూజారి అత్తమ్మే.

బిడ్డ ఆ గది గుమ్మం దగ్గర నిలబడి "ఏనుగు, ఏనుగు" అని ఏడ్చేది. అత్తమ్మ దాని చేతులు రెండూ కలిపి పట్టుకుని, "ఏడ్వద్దు, దండం పెట్టుకో" అనేది. కొన్నాళ్లకు బిడ్డ ఏడవడం మానేసి, తనంతట తనే దండం పెట్టడం మొదలుపెట్టింది.

ఈసారి హనుమకొండ చౌరస్తా దాకా వెళ్లాను. పుస్తకాల దుకాణంలో నిలబడి ఒక్కోటీ ఆసాంతం తిరగేస్తుంటే దుకాణం పెద్దాయన అడిగాడు.

"ఏం కావాలె బిడ్డా? గంతగనం దేవులాడుతున్నవ్."

"దేవుడు లేనిది కావాలె" అన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఒకదాంట్లో ఎడ్లబండి కనిపించగానే పక్కన పెట్టేశాను. ఎద్దంటే నంది. చివరికి రైలు, బస్సు, సైకిలు, గొడుగు ఉన్నది దొరికింది.

అత్తమ్మ దాన్ని ముందు నుంచీ వెనక నుంచీ తిరగేసింది. బొట్టు పెట్టడానికి ఎక్కడా చోటు దొరకలేదు. గెలిచాననుకున్నాను. ఆ సాయంత్రం బిడ్డను ఒళ్లోకి తీసుకుని పుస్తకం తెరిచి, "జూడు బిడ్డా, రైలు" అన్నాను.

అది చూడలేదు. రెండు చేతులతో పుస్తకం మూసింది. కళ్లకద్దుకుంది. నా ఒళ్లోంచి జారి దూరంగా నిలబడింది.

"తప్పమ్మా" అంది. "తానం చేసినవా?"

అత్తమ్మ మురిసిపోయి దాన్ని ఎత్తుకుంది. నేను మళ్లీ బొమ్మల పుస్తకం కొనలేదు.