పట్టాల మీద ధహ్బియా

గఫ్సా కొండల్లోని ఆ గనుల ఊళ్ళో ఏ గడప తుడిచినా గుడ్డకు ఫాస్ఫేటు పొడి అంటుకుంటుంది. ధహ్బియా భర్త ఆ పొడినే జీవితమంతా పీల్చి, దగ్గి దగ్గి పోయాడు. గనికి ప్రాణం ధారపోసినవాడి కొడుక్కి గనిలోనే కొలువు ఇస్తారని అందరూ అనేవారు. ఆ మాట పట్టుకుని ఆమె కొడుకు లజ్హర్ చదువు ముగించి ఏళ్ళ తరబడి కాఫీ కొట్టు గోడకు చేరగిలబడ్డాడు. తీరా ఉద్యోగాలు ప్రకటించిననాడు అవన్నీ పెద్దల బావమరుదులకూ మేనల్లుళ్ళకూ పోయాయి.

లజ్హర్ దొంగచాటుగా ఇటలీకి పడవ మాట్లాడుకుంటున్నాడని పొరుగావిడ చెప్పింది. సముద్రం మింగిన పిల్లల తల్లులు ఆ వీధిలోనే ఉన్నారు.

ఆ వారంలోనే, తమ కొడుకులకు పనివ్వాలంటూ గని కార్మికుల వితంతువులు పాత దుప్పట్లు కలిపి కుట్టి, ఫాస్ఫేటు రైలు పట్టాలకు అడ్డంగా గుడారం వేశారు. ధహ్బియా కూడా వెళ్ళి కూర్చుంది. తమ్ముడు అమ్మార్ రొప్పుతూ వచ్చాడు.

“అక్కా, మతిగాని పోయిందా? సర్కారుతో పెట్టుకుని బాగుపడినోడు ఉన్నాడా?”

“పెట్టుకోకుండా బాగుపడినోణ్ణి ఒక్కణ్ణి చూపించరా, ఇప్పుడే లేచొస్తా.”



రైలు ఆగింది. ఏనాడూ గుమ్మంలోకి రానివ్వని అధికారులు కార్లు దిగి వచ్చి “అమ్మా” అని పిలిచారు. తమ ఏడుపు వాళ్ళ చెవికెక్కదనీ, రైలు ఆగితేనే ఎక్కుతుందనీ ధహ్బియాకు అప్పుడు తెలిసింది.

“ఆడవాళ్ళం ఇక్కడ కూర్చుంటే నువ్వు పడవెక్కి పారిపోతావట్రా?” అని కొడుకును దెప్పి మరీ రప్పించింది. సముద్రం నుంచి వాణ్ణి కాపాడుకుంటున్నానని ఆమె లెక్క. లజ్హర్ వచ్చాడు. ముసలమ్మలకు నీళ్ళు మోశాడు, నవ్వించాడు. పడవ ఊసు మళ్ళీ ఎత్తలేదు.

వేసవి మొదట్లో పోలీసులు గుడారం దగ్గర కాల్పులు జరిపారు. పడిపోయినప్పుడు లజ్హర్ చేతిలో రొట్టెల సంచి ఉంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకు దేశమంతా లేచింది, అధ్యక్షుడు పారిపోయాడు. ఊరు వీధుల్లో పడి పాడుతుంటే ధహ్బియా తలుపేసుకుంది. రాజధాని నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఆమెను వేదిక ఎక్కించారు. “లజ్హర్ స్వేచ్ఛ కోసం ప్రాణమిచ్చాడు!” అన్నాడొకడు మైకులో.

“వాడు ఇవ్వలేదు నాయనా, లాక్కున్నారు,” అంది ధహ్బియా. “వాడికి కావలసింది ఒక పని. అంతే.”

చప్పట్లు కొట్టాలో వద్దో తెలియక జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

ఇంటికి వచ్చే దారిలో అమ్మార్ అడిగాడు. “ఇంతకీ మంచే జరిగిందంటావా అక్కా?”

“నిన్న కొట్టు ముందు ఒకడు మంత్రిని బండబూతులు తిట్టాడు. ఎవడూ ఈడ్చుకుపోలేదు. అది చిన్న సంగతా?”

“మరి మన లజ్హర్?”

“వాణ్ణి తక్కెడలో పెట్టకురా. ఏది వేసినా వాడికి తూగదు.”

కొత్త ప్రభుత్వం వచ్చాక మళ్ళీ ఉద్యోగాలు ప్రకటించారు. మళ్ళీ బావమరుదులే. పట్టాల మీద మళ్ళీ గుడారం లేచింది. ధహ్బియా మోకాళ్ళు పట్టుకుంటూ వెళ్ళింది. పక్కనున్న వితంతువు వెంట ఎదిగిన కొడుకు ఉన్నాడు.

“వీణ్ణి ఇంటికి పంపించవే. ముసలివాళ్ళం మనం చాలమా?” అని బతిమాలింది ధహ్బియా.

“నేను పోను పిన్నీ,” అని నవ్వాడతను.

ధహ్బియా అతని చొక్కా అంచు పిడికిట పట్టుకుని, రైలు వచ్చే వైపు చూస్తూ కూర్చుంది.