ఆకులున్న తీగ

తోటలకు నమూనాలు గీసే ఆ అమ్మాయికి, తాను పుట్టి పెరిగిన పాత పేట ముఖద్వారాన్ని తీర్చిదిద్దే పని దక్కింది. బయట ఎన్ని తోటలు వేసినా రాని వణుకు ఇక్కడ వచ్చింది. రాదా మరి? ప్రతి గుమ్మంలోనూ ఆమెను గౌన్ల వయసు నుంచి ఎరిగినవాళ్ళే! బెంచీ నీడలో వెయ్యమని ఒకరు, కాదు ఎండలోనే వెయ్యమని ఇంకొకరు. ఇద్దరూ మొగుడూపెళ్ళాలే. ఆమె అందరికీ తలూపి, తనకు తోచినట్టు గీసుకుంది.

పేటంతా పెద్దమ్మ అని పిలిచే ముసలావిడకు ఒక్కదానికి మాత్రం మాటిచ్చింది. ద్వారానికున్న రెండు రాతి స్తంభాలనూ అల్లుకున్న పూలతీగ పెద్దమ్మ నాటినదే.

"ఏమైనా మార్చుకో గానీ, నా తీగ జోలికి రాకు."

"అంతా నీ తీగ చుట్టూనే గీశాను పెద్దమ్మా!"

అది నిజం. దారి వంపు, పొట్టి గోడ, బెంచీలు, ఎటు నుంచి వచ్చినా ముందు ఆ పూలే కనబడేలా అమర్చింది.

ఇక స్తంభాలకు వేలాడుతున్న పాత కరెంటు వైర్లు తీయించాలి. పేట సంఘానికి పెద్ద, రిటైరైన మాస్టారు. ఇంగ్లీషు ముక్క చెవినబడితే ఆయనకు ఒళ్ళు మండుతుంది. ఆయన పక్కనే కూర్చుని ఉండగా మేస్త్రీకి ఫోన్ చెయ్యడం ఆమె ఖర్మ.

"స్తంభాల మీద తీగంతా పీకించెయ్యి మేస్త్రీ, చూడలేకపోతున్నాం."

మాస్టారు మెచ్చుకోలుగా తలాడించారు.

మర్నాడు వెళ్ళి చూస్తే స్తంభాలు బోసిగా ఉన్నాయి. పూలతీగ లారీ ఎక్కి వెళ్ళిపోయింది. వైర్లు మాత్రం చెక్కుచెదరలేదు.

"వేళ్ళతో సహా పీకించేశానమ్మా!" అన్నాడు మేస్త్రీ గర్వంగా.

"నేను చెప్పింది కరెంటు తీగ!"

"అయితే వైరనాలి గానీ, తీగంటారేంటమ్మా!"

మాస్టారు అటు తిరిగి ఆకాశంకేసి చూశారు.

పెద్దమ్మ గుమ్మం దాకా వెళ్ళేసరికి ఆమెకు ఏడుపు ఆగలేదు. ఇచ్చిన మాట పోయింది, ఇక ఏ మొహం పెట్టుకుని చూస్తుంది? అంతా విని పెద్దమ్మ లేచి చెప్పులేసుకుంది.

"ఏడ్చింది చాలు. సంచీ పట్టుకో."

"ఎక్కడికి?"

"ఈ పేటలో నా దగ్గర కొమ్మ తీసుకెళ్ళని కొంప లేదు. వసూలుకి పోదాం పద."

ఇల్లిల్లూ తిరిగారు. డాబాల మీద, వంటింటి కిటికీల్లో, పగిలిన బకెట్లలో ఆ తీగ ఎక్కడ పడితే అక్కడ బతికే ఉంది. బెంచీ దంపతులకైతే రెండు కుండీలు, ఒకటి నీడలో, ఒకటి ఎండలో. మాస్టారు తన కుండీని ఎవరూ అడగకముందే భుజాన ఎత్తుకొచ్చారు. కొమ్మలన్నీ స్తంభాల మొదట్లో నాటారు. మేస్త్రీ మళ్ళీ నిచ్చెన ఎక్కితే, కింద నుంచి మాస్టారు గొంతు చించుకున్నారు. "వైరు! వైరు పీకు నాయనా!"

వానలు వెళ్ళాక మొదటి గుత్తి పూసింది. పేటంతా అక్కడే పోగైంది. అది మా కొమ్మంటే మా కొమ్మని వాదులాట. బెంచీ దంపతులు విడివిడిగా అరుస్తున్నారు. అమ్మాయి నవ్వలేక చస్తోంది.

బెంచీ మీద నుంచి పెద్దమ్మ చెయ్యెత్తింది.

"ఊరుకోండర్రా! అది నాదే. ఇన్నాళ్ళూ మీ ఇళ్ళల్లో పెరిగిందంతే."