అబ్రహాము దగ్గర ఆగిన ప్రార్థన

మనం నోరు తెరవకముందే మన కొరత ఎరిగిన దేవునికి స్తోత్రం. వేళ తప్పకుండా తెల్లవారే ప్రతి ఉదయానికీ, ఆ ఉదయాల్లో ఆయన నాకిచ్చిన మనుషులకూ ఆయనకే మహిమ.

నా చిన్నప్పుడు మేము నాచారంలో, ఫ్యాక్టరీ గోడ వెంబడి ఉన్న ఒక గల్లీలో ఉండేవాళ్ళం. గాలి మళ్ళితే బిస్కట్లు కాలుతున్న తియ్యటి వాసన గల్లీ నిండా పరుచుకునేది. మిద్దె ఎక్కి చూస్తే ఉప్పల్ వైపు కొత్త స్టేడియం దీపస్తంభాలు కనిపించేవి. ఎండాకాలం పొద్దున లేచే దుమ్ములో వాటి కాళ్ళు కనబడేవి కావు. తలలు మాత్రం ఆకాశంలో తేలుతున్నట్టు ఉండేవి. ఆదివారం బడిలో పరలోకం గురించి చెప్పినప్పుడల్లా నా కళ్ళ ముందు అవే నిలిచేవి.

పక్కింటి అన్న ఆ దీపాల కింద బంతి వేయాలని కలలు కనేవాడు. అప్పుడతనికి పందొమ్మిదేళ్ళు. వాళ్ళ నాన్న నల్గొండ వైపు నుంచి వచ్చి ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. అన్న రోజూ పొద్దున ఫ్యాక్టరీ గోడ మీద బొగ్గుతో మూడు వికెట్లు గీసి, వాటికేసి బంతులు వేసేవాడు. ఆ టప్పుటప్పుల చప్పుడుతోనే నాకు తెల్లవారేది. సగం కలలో ఎవరో మా తలుపు తడుతున్నట్టు అనిపించేది.

ఆ రోజుల్లోనే పట్టణాల పేర్లతో కొత్త క్రికెట్ జట్లు పుట్టాయి. పేరున్న ఆటగాళ్ళను వేలంలో కొనుక్కుని, పేరు లేని కుర్రాళ్ళను మాత్రం వెతికి పట్టుకుని నేరుగా సంతకం చేయించుకునేవారు. ఆ పిలుపు అన్నకు రావాలని మా రేకుల మందిరంలో సంఘమంతా నలభై రోజులు ఒంటిపూట తిని ప్రార్థన చేసింది. పిల్లలం మేము చాక్లెట్లు మానేశాం.

పిలుపు వచ్చింది. ఒక శుక్రవారం పొద్దున దూరపు పట్టణం జట్టు మనిషి ఒకాయన కాగితాలతో అన్న వాళ్ళింట్లో కూర్చున్నాడు. మరునాడే వాళ్ళ శిబిరం మొదలు. మధ్యాహ్నం పన్నెండు లోపల సంతకం పెట్టి తనతో బయలుదేరాలన్నాడు. కుదరకపోతే హబ్సిగూడలో మరో కుర్రాడి పేరుంది, అక్కడికి వెళ్తానని మర్యాదగానే చెప్పాడు.

కబురు విని సంఘం వాళ్ళు ఆ ఇంట్లో చేరారు. అప్పుడు మావాళ్ళు చేసిన పొరపాటు మావాళ్ళు తప్ప ఎవరూ చేయరు. అడిగింది చేతికొచ్చేసరికి భయపడ్డారు. ఆదివారాలు కూడా ఆటలుంటాయి, ఆరాధన మానుకుంటాడు, ఇది దేవుని చిత్తమో సాతాను శోధనో తెలుసుకోవాలన్నారు. అందుకు ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉందామన్నారు. అన్న వాళ్ళ నాన్నకు కొడుకును పంపాలనే ఉంది గానీ సంఘం మాట దాటే మనిషి కాదు. "పెద్దలు ఎట్లంటె గట్లనే," అని తల దించుకున్నాడు.

సంఘ పెద్దను పిలిచారు. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన రిటైరైన గుమాస్తా ఆయన. మనసు మెత్తన, ప్రార్థన మాత్రం పొడుగు. ఏ విన్నపమైనా సృష్టి దగ్గర మొదలుపెట్టి, పితరులనూ ప్రవక్తలనూ వరసగా తలుచుకుని, చివరికి మా గల్లీలోకి వచ్చేవారు. ప్రార్థన కాగానే ఆయన ఉపవాసం ప్రకటిస్తారని అందరికీ తెలుసు.

అందరం కళ్ళు మూసుకున్నాం. ఫ్యాన్ కిర్రుమంటోంది, బిస్కట్ల వాసన వస్తోంది, ఆయన గొంతు నిదానంగా పారే నీళ్ళలా నన్ను ఎక్కడికో తీసుకుపోతోంది. నేను ఒక కన్ను తెరిచాను. అన్న కళ్ళు మూసే ఉన్నాయి గానీ కుడిచేతి వేళ్ళు మోకాలి మీద బంతిని పట్టుకున్నట్టు కదులుతున్నాయి. జట్టు మనిషి గడియారం చూసుకుని, కాగితాలు మెల్లగా సంచిలో పెట్టుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడు మా నాయనమ్మ గొంతెత్తి "ఆమెన్!" అంది.

మా సంఘంలో ఒకరు ఆ మాట అంటే మిగతావాళ్ళు ఆగలేరు. కళ్ళు తెరవకుండానే ఇరవై మంది ఆమెన్ అన్నారు. ప్రార్థన ముగిసిపోయింది.

సంఘ పెద్ద తెల్లబోయారు. "అమ్మా, నేనింకా అబ్రహాము దగ్గరే ఉన్నానండీ!"

"మంచి తావునే ఆగిన్రయ్యా," అంది నాయనమ్మ. "దేవుడు పొమ్మనంగనే లేసి పోయిండాయన. ఏడికని గూడ అడగలే."

"మరి ఆదివారం సంగతేంది పెద్దమ్మా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు.

"దేవుడు ఆదివారం ఒక్కదినమే మేల్కొని ఉంటడా? నలభై దినాలు ఆయన తలుపు కొట్టిన్రు. తీసేసరికి, లోపటికి రావాల్నా వద్దా అని ఆయన్నే అడుగుతున్నరు!"

సంఘ పెద్ద మెల్లగా నవ్వారు. జేబులోంచి తన పెన్ను తీసి అన్నకిచ్చారు. "వెళ్ళు బాబూ. మిగతా ప్రార్థన నువ్వు వెళ్ళాక చేసుకుంటాం."

అన్న సంతకం పెట్టాడు. ఆ తర్వాత అంతా కలలో జరిగినట్టే జరిగింది. వాళ్ళమ్మ దండెం మీది బట్టలు సగం తడిగానే లాగి సంచిలో కుక్కింది. అన్న బూట్ల తాళ్ళు కట్టుకోకుండానే ఆటో ఎక్కాడు. ఆటో మలుపు తిరిగినా గల్లీ అంతా చేతులు ఊపుతూనే ఉంది.

మధ్యాహ్నం నాయనమ్మను అడిగాను, అది దొంగ ఆమెన్ కాదా అని.

"దొంగది ఎందుకైతది బిడ్డా? నా ప్రార్థన అయిపోయింది, ఆమెన్ అనేసిన. అడిగేటప్పుడు మోకాళ్ళు కావాలె. దేవుడు ఇచ్చేటప్పుడు చేతులు కావాలె."

అన్న గొప్ప ఆటగాడేమీ కాలేదు. మొదటి యేడాది ఎక్కువగా నీళ్ళే మోశాడు, తర్వాత రెండేళ్ళు ఆడాడు, భుజం నొప్పితో మానేశాడు. ఇప్పుడు కాప్రాలో పిల్లలకు బౌలింగ్ నేర్పుతున్నాడు. తొందరపడ్డానని ఒక్కసారీ అనలేదు.

నాకు ముప్పై దాటింది. ఆ మందిరంలోనే పిల్లలకు పాఠం చెబుతున్నాను. పెళ్ళైన ఆరేళ్ళకు, దత్తతకు మేం పెట్టుకున్న అర్జీ ఫలించి, వచ్చి పాపను తీసుకెళ్ళమని కబురొచ్చింది. ఇంకో వారం ప్రార్థన చేసి చూద్దామన్న మాట నా నోటిదాకా వచ్చింది. అది భక్తి కాదు, భక్తి ముసుగేసుకున్న భయమని ఆ శుక్రవారమే నేర్చుకున్నాను గనుక, ఆ మాట మింగేసి చెప్పులేసుకున్నాను. ఆ పాప ఇప్పుడు నా పక్కనే కూర్చుని, నాలుక బయటపెట్టి, శ్రద్ధగా అక్షరాలు దిద్దుతోంది.

చదువుతున్న మీరూ ఒక్క నిమిషం నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, మేమడిగినది నీవిచ్చే రోజున, దాన్ని అందుకునే ధైర్యం కూడా మాకివ్వు.